సరిహద్దు పల్లెలో స్వతంత్ర ఆర్థిక పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పడం ఎలా

ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో వంశధార పొడవునా తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉంటున్నాయి. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం సంతల్లో ఒక్క బేరం తెగేలోగా తెలుగు, ఒడియా, గిరిజన భాష అయిన సవర మూడూ వినిపిస్తాయి. ఈ ప్రాంతపు బతుకుతెరువుల గురించి రాసేవారిలో ఎక్కువమంది భువనేశ్వర్ నుంచో విశాఖపట్నం నుంచో జీపులో వచ్చి, రెండు రోజులు ప్రశ్నావళులు నింపుకొని వెళ్ళిపోతారు. అప్పు, కూలి, కౌలు, వలస వంటి విషయాలు ఆ రెండు రోజుల్లో బయటపడేవి కావు. అందుకే పల్లెలోనే ఉండి, ఏళ్ళ తరబడి అవే ఇళ్ళను పలకరిస్తూ, ఏ ప్రభుత్వానికీ ఏ వ్యాపారానికీ బదులు చెప్పుకోనవసరం లేని ఒక చిన్న పరిశోధన కేంద్రం ఇక్కడ ఉండాలి. అటువంటి కేంద్రాన్ని పెట్టదలచినవారి కోసం ఈ వివరాలు రాస్తున్నాను.

ఈ ఆలోచనకు పూర్వరంగం ఉంది. పర్లాకిమిడి ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1916లో, మద్రాసు విశ్వవిద్యాలయ ఆర్థికశాస్త్ర ఆచార్యుడు గిల్బర్ట్ స్లేటర్ తన విద్యార్థుల చేత పల్లెల సర్వేలు చేయించాడు. వాటిలో కొన్ని ఊళ్ళను 1936-37లో మళ్ళీ పరిశీలించారు గనుక ఇరవై ఏళ్ళ మార్పును పోల్చి చూడటం సాధ్యమైంది. హైదరాబాదు శివార్లలోని ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ 1975లో మహబూబ్‌నగర్, షోలాపూర్, అకోలా జిల్లాల్లో ఆరు పల్లెలను ఎంచుకొని, పరిశోధకులను అక్కడే కాపురం పెట్టించి, దాదాపు పదేళ్ళపాటు ఆగకుండా వివరాలు సేకరించింది. అమెరికాలో ఎడ్వర్డ్ హార్వుడ్ 1933లో స్థాపించిన అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఎకనామిక్ రీసెర్చ్ తరువాతి కాలంలో మసాచుసెట్స్ పడమటి కొండల్లోని గ్రేట్ బారింగ్టన్ అనే చిన్న ఊరికి మారి, విశాలమైన ఎస్టేటులో నేటికీ పనిచేస్తున్నది. వీటి సిద్ధాంతాలు, వనరులు వేరువేరు. మనం తీసుకోవలసినవి రెండే: ఒకటి ఊళ్ళో నిలకడగా ఉండటం, రెండోది ఎవరి మీదా ఆధారపడకపోవడం.

ముందుగా ప్రశ్న

స్థలం చూడకముందే, కేంద్రం మొదటి అయిదేళ్ళలో ఏ ప్రశ్నకు సమాధానం వెతుకుతుందో ఒక పేజీలో రాసి పెట్టుకోవాలి. సరిహద్దు ప్రాంతానికి ఒక గొప్ప సౌకర్యం ఉంది. నేల ఒకటే, వాన ఒకటే, చాలాసార్లు చుట్టరికాలు కూడా ఒకటే, కాని రెండు ప్రభుత్వాల విధానాలు వేరు. మహేంద్రతనయ నదికి అటు ఒడిశాలో పర్లాకిమిడి, ఇటు ఆంధ్రలో పాతపట్నం ఉన్నాయి. ఇంత దగ్గరలో రెండు విధానాల ఫలితాలను పోల్చి చూసే అవకాశం లోపలి జిల్లాల వారికి దొరకదు.

ఒక ఉదాహరణ చూడండి. 2024-25 ఖరీఫ్‌లో సాధారణ రకం వరికి కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. అదే సీజను నుంచి ఒడిశా ప్రభుత్వం దానిపై మరో 800 రూపాయలు సాగు సాయంగా కలిపి 3,100 రూపాయలు చెల్లించడం మొదలుపెట్టింది. ఆంధ్ర వైపు రైతుకు ఆ అదనపు మొత్తం లేదు. ఈ తేడా వల్ల ధాన్యం ఏటి ఇవతలి నుంచి అవతలికి నడుస్తున్నదా, ఒడిశాలో పేరు నమోదైన భూయజమానికి ఆ 800 చేరుతున్నదా లేక పొలం దున్నిన కౌలుదారుకా, దీనివల్ల కౌలు రేటు పెరిగిందా, మండీలో తేమ పేరుతోనో చెత్త పేరుతోనో జరిగే కోత, అంటే ఇక్కడివాళ్ళు కట్నీ-ఛట్నీ అనేది, ఆ లాభంలో ఎంత మింగుతున్నది అన్న ప్రశ్నలకు ప్రభుత్వ గణాంకాల్లో సమాధానం ఉండదు. రెండు వైపులా రెండేసి ఊళ్ళను తీసుకొని మూడు పంటకాలాలు ఓపికగా రాసుకుంటే ఉంటుంది. ఇటువంటి ప్రశ్న ఒక్కటి చేతిలో ఉంటే ఎక్కడ ఉండాలి, ఎంతమంది కావాలి, ఎంత ఖర్చవుతుంది అన్నవి వాటంతట అవే తేలిపోతాయి.

భూమి విషయంలో తొందర వద్దు

ఇక్కడ చాలామంది తడబడేది భూమి దగ్గరే. రాయగడ జిల్లా మొత్తం షెడ్యూల్డ్ ప్రాంతం, అంటే గిరిజనుల రక్షణకు రాజ్యాంగం కింద ప్రత్యేకంగా ప్రకటించిన ప్రాంతం. గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి తాలూకా, గుమ్మ, రాయగడ బ్లాకులు షెడ్యూల్డ్ ప్రాంతంలోకి వస్తాయి, కాశీనగరం వైపు రాదు. గజపతి జిల్లాలోని ఈ రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు అన్నది కాగితాల మీద గుర్తు పెట్టుకోండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1956 నాటి రెండో రెగ్యులేషన్ ప్రకారం గిరిజనుల భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయడం చెల్లదు. కొనుగోలు ఒక్కటే ఆ నిషేధం కిందికి వస్తుందని కొందరు చెబుతారు గాని అది నిజం కాదు, లీజు కూడా బదిలీయే. కాబట్టి గిరిజన కుటుంబం ఎంత ప్రేమగా ఇస్తామన్నా ఆ స్థలం తీసుకోకూడదు. చట్టం మాట పక్కన పెట్టినా, భూమి చేయి దాటిపోవడాన్ని అధ్యయనం చేయవలసిన సంస్థ తానే ఆ పని చేస్తే దాని మాటకు ఊళ్ళో విలువ ఉండదు.

గిరిజనేతరుల పేరున ఉన్న భూమి అయినా, అది 1956 తరువాత గిరిజనుల చేతి నుంచి వచ్చిందేమో చూడాలి. అటువంటి బదిలీని రద్దు చేసి భూమిని వెనక్కి ఇప్పించే అధికారం ప్రభుత్వానికి ఉంది. ఒడిశా ప్రభుత్వ భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఇప్పటి ఖతియాన్, అంటే హక్కు పత్రం, దొరుకుతుంది, అందులో రైతు కులం కూడా రాసి ఉంటుంది. పాత సెటిల్‌మెంటు రికార్డును మాత్రం తహసీలు కార్యాలయంలో నకలు తీయించుకోవలసిందే. ఒడియా రాత చదవగలిగిన మనిషిని వెంట తీసుకెళ్ళాలి. ఒడిశా కాగితాల్లో విస్తీర్ణం ఎకరాలు, డెసిమల్‌లలో ఉంటుంది. డెసిమల్ అంటే మన సెంటే, ఎకరంలో నూరో వంతు.

నా సలహా ఏమిటంటే, నివాసం కాశీనగరం వైపు పెట్టుకొని, షెడ్యూల్డ్ ప్రాంతంలోని ఊళ్ళకు రాకపోకలు సాగించండి. నౌపడా నుంచి పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం మీదుగా గుణుపురం వెళ్ళే రైలు మార్గం ఉండనే ఉంది. పర్లాకిమిడి సంస్థానం వేయించిన చిన్న రైలు దారే తరువాత బ్రాడ్‌గేజి అయింది. మొదటి రెండేళ్ళు అద్దె ఇంట్లోనే ఉండటం మేలు. ఎకరం లోపు స్థలం చాలు, గ్రేట్ బారింగ్టన్‌లోలా ఎస్టేటు అక్కర్లేదు.

నమోదు, నిధులు

1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులతో సొసైటీగా నమోదు కావచ్చు, లేదా 2013 కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీ పెట్టుకోవచ్చు. చిన్న సంస్థకు సొసైటీ సులువు, కంపెనీలో లెక్కల క్రమశిక్షణ ఎక్కువ. ఆదాయపు పన్ను మినహాయింపు కోసం మొదటి ఏడాదే దరఖాస్తు చేయాలి. విదేశీ విరాళాలకు 2010 నాటి ప్రత్యేక చట్టం వర్తిస్తుంది. కొత్త సంస్థకు ఆ అనుమతి వెంటనే దక్కేది కాదు గనుక ఆ డబ్బు మీద లెక్క వేసుకోవద్దు.

స్వతంత్రత అన్నమాట సంస్థ పేరులో రాసుకుంటే రాదు. ఏ ఒక్క దాత నుంచీ ఏడాది ఖర్చులో నాలుగో వంతుకు మించి తీసుకోరాదని నియమావళిలోనే రాసుకోండి. ప్రభుత్వ శాఖలు అధ్యయనాలు అప్పగించినప్పుడు, ఫలితాలు శాఖకు నచ్చినా నచ్చకపోయినా ఫలానా గడువు తరువాత ప్రచురించే హక్కు మనకు ఉంటుందని ఒప్పందంలో స్పష్టంగా ఉండాలి. ఆ వాక్యం తీసేయమంటే ఆ పని వదులుకోవాలి. గనులు, కాగితం, ఫెర్రో అల్లాయ్ పరిశ్రమలున్న రాయగడ జిల్లాలో పరిశ్రమల విరాళం సులభంగా వస్తుంది. భూమి, నిర్వాసితుల మీద పరిశోధన చేయదలచిన సంస్థ దాన్ని తీసుకోకూడదన్నదే నా గట్టి అభిప్రాయం. ప్రతి ఏటా ఆదాయ వ్యయాలను తెలుగులోను ఒడియాలోను కేంద్రం గోడ మీద అతికించాలి. ఊరివాళ్ళ ఇంటి లెక్కలు అడిగేవాళ్ళు తమ లెక్కలు దాచుకోకూడదు కదా.

ఇల్లు కట్టేటప్పుడు

మొదట రికార్డుల గది కట్టి, తరువాతే మిగతావి చూడాలి. విశాలమైన వరండా తప్పనిసరి. ఊరివాళ్ళు చెప్పులు విప్పి లోపలికి రావడానికి సంకోచిస్తారు గాని వరండాలో అరుగు మీద కూర్చొని ఎంతసేపైనా మాట్లాడతారు. ఆడపిల్లలు పరిశోధకులుగా ఉండాలి గనుక వారికి లోపలి నుంచే స్నానాల గది ఉండే గదులు కావాలి. ఈ ఒక్క ఏర్పాటు లేకపోవడం వల్ల సగం ఊరి మాట, అంటే ఆడవాళ్ళ మాట, రికార్డుల్లోకి రాకుండా పోతుంది.

ఈ తీరానికి అక్టోబరు తుఫానుల నెల. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ మూడూ అక్టోబరులోనే వచ్చాయి. పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి కొండల్లో చరియలు విరిగిపడేంత వాన కురిపించింది. రేకుల కప్పు వద్దు, శ్లాబు వేయండి. వీలైతే రికార్డులు మేడ మీద గదిలో, గోడకు జానెడు దూరంగా, నేల నుంచి ఎత్తుగా, ఇనుప బీరువాల్లో ఉంచాలి. చెదలు తుఫాను కంటే నెమ్మదైనవే గాని అంతకంటే నమ్మకంగా వస్తాయి. నెలకొకసారి బీరువా అడుగు భాగం తడిమి చూసే బాధ్యత ఒకరి పేరున రాసి ఉంచాలి. కరెంటు పోయినా పనిచేసేలా చిన్న సోలార్ ఏర్పాటు, ప్రతి ప్రశ్నావళికి ఫొటో నకలు, ఆ నకళ్ళు శ్రీకాకుళంలోనో బరంపురంలోనో మరొక చోట ఉండటం అవసరం.

మనుషులు, భాషలు

పరిశోధకులను ఎంచుకునేటప్పుడు డిగ్రీ కంటే ముందు వాళ్ళకు ఏ భాషలు వచ్చో చూడండి. ఈ విషయంలో పర్లాకిమిడికి ఒక మహనీయుని ఉదాహరణ ఉంది. 1880లో ఇక్కడికి ఉపాధ్యాయుడిగా వచ్చిన గిడుగు రామమూర్తి పంతులు సవరల భాష నేర్చుకోవడానికి ఒక సవరను తన ఇంట్లోనే ఉంచుకొని, సంవత్సరాలపాటు వాళ్ళ మాటను వాళ్ళ నోటనే విని, తరువాతే దాని గురించి రాశాడు. ఆ ఓపికలో పదో వంతు ఉన్నా ఆర్థిక సర్వే తీరు మారిపోతుంది. ప్రశ్నావళిని తెలుగులో రాసి, ఒడియాలోకి మార్చి, సవర ఊళ్ళకు వెళ్ళేటప్పుడు ప్రతి ప్రశ్ననూ ఆ భాషలో ఎలా అడగాలో ఆ ఊరివాళ్ళతోనే ముందుగా మాట్లాడి నిర్ణయించుకోవాలి. దుబాసీ మధ్యలో ఉండి చెప్పే సమాధానం చాలాసార్లు దుబాసీ సమాధానమే అవుతుంది.

ఇళ్ళ ఎంపిక, లెక్కలు అడిగే తీరు

మొదటి మూడు నెలలు ఊళ్ళోని ప్రతి ఇంటినీ నమోదు చేయడం తప్ప మరే పనీ పెట్టుకోకండి. ఎవరికి భూమి ఉంది, ఎవరికి లేదు, ఎవరు వలస వెళ్ళారు, ఇంటికి పెద్ద ఎవరు అన్నంత వరకే అడగాలి. ఆ జాబితా నుంచి పరిశీలనకు ఇళ్ళను ఎంచుకోవడంలో ఇక్రిశాట్ పద్ధతి నేటికీ పనికొస్తుంది. వాళ్ళు ప్రతి ఊళ్ళో నలభై ఇళ్ళు తీసుకున్నారు. భూమి లేని కూలీల ఇళ్ళు పది, చిన్న, మధ్యతరగతి, పెద్ద రైతుల ఇళ్ళు పదేసి. ఎంపిక చీటీలు వేసి ఊరి ముందే చేయాలి. లేకపోతే సర్పంచి సూచించిన ఇళ్ళు, రోడ్డు పక్కన ఇళ్ళు మాత్రమే మిగులుతాయి. కొండ వాలున విడిగా ఉండే సాహి (ఒడియాలో వాడ), గూడెం రెండూ జాబితాలోకి వచ్చాయో లేదో మీరే నడిచి చూసుకోవాలి.

ఆ ఇళ్ళకు మూడు నాలుగు వారాలకొకసారి వెళ్ళాలి. మనిషి జ్ఞాపకం ఎంత జారుడుదో మన దేశపు అనుభవమే చెబుతుంది. 1999-2000 నాటి జాతీయ నమూనా సర్వేలో తిండి ఖర్చును అవే ఇళ్ళలో ఏడు రోజుల లెక్కనా ముప్ఫై రోజుల లెక్కనా రెండు విధాలుగా అడిగినందువల్ల, ఆ ఏటి పేదరికపు అంచనాలను పాత వాటితో పోల్చవచ్చునా అన్న వాదం ఏళ్ళ తరబడి నడిచింది. కాబట్టి తిండి ఖర్చు ఏ గడువుకు అడగాలో మొదటే నిర్ణయించుకొని, మధ్యలో మార్చకూడదు.

ఇక్కడి వారికి గడువు నెల కాదు, సంత. "గత నెలలో ఎంత అమ్మారు?" అని అడిగితే తలూపి ఒక అంకె చెబుతారు. "మొన్నటి సంతకు ఏం పట్టుకెళ్ళారు పిన్నీ?" అని అడిగితే జరిగింది జరిగినట్టు చెబుతారు.

"చోళ్ళు నాలుగు కుంచాలు పట్టుకెళ్ళానమ్మా. మా ఇంటి కుంచం కాదు, షావుకారి కుంచం. మా దాంతో కొలిస్తే అయిదు దాకా అవుతాయి."

చోళ్ళు, అంటే రాగుల గురించి ఇటువంటి సమాధానం వచ్చినప్పుడు పరిశోధకురాలు "4 కుంచాలు" అని రాసుకొని లేచిపోతే అక్కడే పరిశోధన చెడిపోయినట్టు. ఆమె చేయవలసింది ఇది. సంచిలో చిన్న స్ప్రింగ్ త్రాసు ఉండాలి. ఇంటి కుంచాన్ని చోళ్ళతో నింపించి తూచాలి. కుంచం అంచు మీద కర్రతో గీసి కొలుస్తారా, పైన పోగు నిలిచేలా కొలుస్తారా అని అడిగి రెండు విధాలా తూచి రాసుకోవాలి. షావుకారు ఊరివాళ్ళ దగ్గర కొనేటప్పుడు పోగు పెట్టి, వాళ్ళకు అప్పు ఇచ్చేటప్పుడు గీసి కొలిచే చోట ఆ రెండింటి తేడాయే షావుకారి వడ్డీలో సగం కావచ్చు. తరువాతి సంత రోజున షావుకారి కొట్టుకు వెళ్ళి, అక్కడ ఏదైనా కొని, ఆ కుంచం బరువును కూడా మర్యాదగా తెలుసుకోవాలి. ధాన్యం బస్తా, చింతపండు బుట్ట, అడ్డాకుల కట్ట, జీడిపిక్కల డబ్బా వంటి వాటికి కూడా ఇదే పద్ధతి. ప్రతి ఊరికి ఒక కొలతల పుస్తకం పెట్టి, మొదటి పేజీ నుంచి చివరి దాకా దానినే వాడాలి.

అప్పుల గురించి మొదటి రెండు మూడు రాకల్లో అడగకండి. వలస గురించి అడిగేటప్పుడు "దాదన్ (వలస కూలికి ముందుగా ఇచ్చే డబ్బు) తీసుకున్నారా?" అని నేరుగా అంటే మేస్త్రీకి తెలుస్తుందన్న భయంతో నోరు విప్పరు. ముందుగా ఎవరు ఏ ఊరు వెళ్ళారు, పండగకు వచ్చారా, డబ్బు ఎలా పంపుతారు అని అడిగితే, బయానా ఎంత, దారి ఖర్చు ఎవరిది, కూలిలో ఎంత పట్టుకున్నారు అన్నవి ఆ మాటల్లోనే దొర్లుతాయి. భర్త ఎదుట భార్య చెప్పిన అప్పు వేరు, స్వయం సహాయక సంఘం పుస్తకంలో ఉన్న అప్పు వేరు అవుతుంది. ఆడవాళ్ళతో ఆడపిల్లలే, విడిగా మాట్లాడాలి.

పేర్లు, అంకెలు ఒకే కాగితం మీద ఉండరాదు. ఇంటికి ఒక సంఖ్య ఇచ్చి, ఏ సంఖ్య ఎవరిదో తెలిపే జాబితాను వేరే పెట్టెలో తాళం వేసి ఉంచాలి. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉన్నా లేకున్నా ఇది చేయవలసిన పనే. పొరుగువాడికి, షావుకారుకు, పోలీసుకు ఆ జాబితా దొరకదన్న నమ్మకం ఉంటేనే నిజం చెబుతారు. ఇంటర్వ్యూకు డబ్బు ఇవ్వవద్దు, కాని ఆ పూట కూలి పోయినవారికి ఆ కూలి ఇచ్చి తీరాలి.

ఊరికి తిరిగి చెప్పడం

ఏటా పల్లి సభ (ఒడిశాలో ఊరివాళ్ళంతా కూడే గ్రామసభ) జరిగే రోజుల్లో ఆ ఊరి ఫలితాలను అరగంటలో, బొమ్మలతో, ఊరి భాషలో చెప్పాలి. ఎవరి ఇల్లు ఏదో గుర్తుపట్టే విధంగా ఏ అంకె ఉండకూడదు. ఊళ్ళో పెద్ద రైతులు ముగ్గురే ఉంటే "పెద్ద రైతుల సగటు" అని చెప్పడం కూడా పేరు చెప్పినట్టే. ఎవరైనా లేచి "అది తప్పు" అంటే ఆ మాటను తేదీతో సహా రాసుకొని, మళ్ళీ చూసి, వచ్చే సభలో సమాధానం చెప్పాలి.

ఊరి పేరు వాడుకోవడంలో మరొక జాగ్రత్త ఉంది. 2020 అక్టోబరులో, మొదట చెప్పిన గ్రేట్ బారింగ్టన్ సంస్థ ఆవరణలో సంతకాలైన, లాక్‌డౌన్లను వ్యతిరేకించే కోవిడ్ ప్రకటన ఆ ఊరి పేరుతోనే ప్రపంచమంతా ప్రచారమైంది. ఆ వాదం మంచిచెడ్డలు ఎలా ఉన్నా, ఊరితో సంప్రదించకుండా ఒక అభిప్రాయానికి దాని పేరు అంటుకుపోయింది. మన నివేదికల్లో ఊళ్ళకు మారుపేర్లు పెట్టడమే మంచిది. అసలు పేరే వాడాలనుకుంటే పల్లి సభలో అడిగి, ఒప్పుకున్నట్టు తీర్మానం రాయించుకోవాలి.

సంస్థ మూతపడితే

నియమావళిలో చివరి పేజీని ఎవరూ శ్రద్ధగా రాయరు. సంస్థ మూతపడితే స్థలం, ఇల్లు, పుస్తకాలు ఎవరికి చెందుతాయో, ముఖ్యంగా రికార్డులు ఎక్కడికి చేరతాయో నమోదు రోజునే రాసి ఉంచాలి. బరంపురం విశ్వవిద్యాలయంతోనో, విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంతోనో ముందే ఒప్పందం చేసుకొని, పేర్లు తీసేసిన ప్రతిని ప్రతి అయిదేళ్ళకు ఒకసారి అక్కడ జమ చేయాలి. సంఖ్యల జాబితాను మాత్రం ఇవ్వకూడదు. ఆ జాబితా ముప్ఫై ఏళ్ళ తరువాత మళ్ళీ అదే ఊళ్ళకు వెళ్ళే పరిశోధకులకు అవసరం గనుక దాన్ని ఇద్దరు ధర్మకర్తల పేరిట బ్యాంకు లాకరులో ఉంచి, వారిలో ఒకరు మారినప్పుడల్లా కొత్తవారి పేరు చేర్చించాలి. కొలతల పుస్తకాల నకళ్ళు కూడా ఆ లాకరులోనే పెట్టండి. కుంచం ఎన్ని కిలోలో తెలియకపోతే ఆ రికార్డుల్లోని అంకెలను ఎవరూ చదవలేరు.